వెయ్యి అడిగిన ఫోను

పేకాట నాకు వచ్చేది కాదు. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు గానీ, ఫోనులో రమ్మీ నేర్పే ఆటకు బొమ్మలు గీసే ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ప్రాణం పోయినా ఒప్పుకునేవాణ్ణి కాను. మా ఇంట్లో పేక కట్ట కనబడితే మా నాయన చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి నలభై దాటిన వయసులో కూర్చోబెట్టి, జనానికి రమ్మీ నేర్పే స్క్రీను నువ్వే గియ్యాలన్నారు. సరేనన్నాను. రాదని చెప్పడం మా వంశంలో లేదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. నేను గెలిచిన కథలు వాళ్లకు చాలానే చెప్పాను. ఇది కూడా నేను గెలిచిన కథే. అయినా ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నాది హిందూపురం వైపు. తొంభైలలో బెంగళూరు వచ్చి అంగళ్లకు బోర్డులు రాసేవాణ్ణి. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు, ఏది అడిగితే అది. నాకు బ్రష్షు పట్టడం నేర్పిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. రాసిన మాటను రెండుసార్లు చదవాలి. మొదటిసారి రాసినవాడిగా చదవాలి. తర్వాత నిచ్చెన దిగి, రోడ్డు దాటి అవతలికి వెళ్లి, బస్సులో పోయేవాడిగా ఇంకోసారి చదవాలి. "రాసినోడికి తప్పు కనబడదురా, పోయేటోడికే కనబడేది" అనేవాడు. ఆ అలవాటు నాకు ఎముకల్లో పట్టుకుంది.

తర్వాత ప్లాస్టిక్ బోర్డులు వచ్చి మా పొట్ట కొట్టాయి. నేను కంప్యూటరు నేర్చుకుని, కొన్నాళ్లు పెళ్లిపత్రికలు చేసి, ఎవరో చెబితే ఫోన్లలో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. బెంగళూరు నుంచి వస్తుంటే చందాపురకు ముందే, హోసూరు రోడ్డు పక్కన పాత కట్టడం. కింద ఇనుప సామాన్లు చేసే కార్ఖానా, పైన మేము. కింద మిషన్లు ఆడుతుంటే పైన మా టీ గ్లాసులు వాటంతట అవే జరిగేవి. ఇరవైమంది ఇంజనీర్ల మధ్య డిగ్రీ లేనివాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్లందరూ నన్ను గౌరవంగానే ఆర్టిస్టు సార్ అని పిలిచేవారు. ఆ గౌరవం ఎన్నాళ్లుంటుందో అని నాకు లోపల ఎప్పుడూ దడే. బోర్డుల పని ఒక్క ఏడాదిలో ఎట్లా మాయమైందో కళ్లారా చూసినవాణ్ణి కదా.

ఆ రోజుల ఫోను మీలో చాలామంది చూసి ఉండరు. అగ్గిపెట్టె అంత స్క్రీను, దాని కింద అటొకటి ఇటొకటి రెండు పని బటన్లు, ఆ కింద అంకెల బటన్లు. ఒకటి నుంచి తొమ్మిది, సున్న, దాని అటూ ఇటూ రెండు గుర్తులు, మొత్తం పన్నెండు. ముక్కకో బటను పెడదామంటే, రమ్మీలో మనిషి చేతికి వచ్చేది పదమూడు ముక్కలు. ఆ పదమూడో ముక్క నా ప్రాణం తీసింది. నెల రోజులు కుస్తీ పట్టి, ముక్కల్ని రెండు వరసలుగా పేర్చి, ఒక బటను నొక్కితే వరస పక్కకు జరిగేలా చేశాను. రాజులకు ఏడేసి చుక్కలతో మీసాలు పెట్టాను. ఏడు చుక్కల్లో మీసం పెట్టడం ఏమిటో పెట్టినవాడికే తెలుస్తుంది. మా మేనేజరు కన్నడాయన. మంచివాడే గానీ పొగడ్త దగ్గర పరమ పిసినారి. ఆయన నా రాజుల్ని చూసి "పరవాగిల్ల" అన్నాడు. ఫరవాలేదు అని. ఆ ఒక్క మాట మీద నేను నెల రోజులు బతికాను.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి.

అత్తిబెలె అమ్మాయి. పాతికేళ్లు ఉంటాయేమో. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చిన్న బడిలో లెక్కలు చెప్పుకుంటుంటే మా మేనేజరు ఎక్కడో చూసి, ఆటలో వచ్చే పాఠాల మాటలు రాయడానికి ఆరు నెలల కాంట్రాక్టు మీద తెచ్చాడు. పని బాగుంటే ఉద్యోగం ఖాయం, లేకపోతే మళ్లీ బడి. వాళ్ల నాన్నకు చెక్‌పోస్టు దగ్గర టీ అంగడి ఉండేది. కాగితాల కోసం గంటలు గంటలు ఆగిపోయే లారీ డ్రైవర్లు అక్కడ బెంచీల మీద పేక వేసేవాళ్లట. వాళ్ల భుజాల మీదుగా చూసి చూసి ఈ అమ్మాయికి రమ్మీ అక్షరాల కంటే ముందే వచ్చేసింది.

మొదటిరోజే నా స్క్రీను చూపించాను. మురిసిపోతుందని అనుకున్నాను.

"బొమ్మలు శానా చెన్నాగుండాయి సార్" అంది. చెన్నాగుండాయి అంటే బాగున్నాయని. నేను మీసం మెలేయబోయేంతలో ఇంకో మాట అంది. "అయితే ఇది ఆట వచ్చినోళ్లకే అర్థమయ్యేది సార్. రానోళ్లకి ఒగేసారి పదమూడు ముక్కలు చూపిస్తే బెదిరిపోతారు."

ఆట రానివాణ్ణి నేనే అక్కడ నిలబడి ఉన్నాను. నిజంగానే ఆ పదమూడు ముక్కల్ని చూసి బెదిరినవాణ్ణి. ఆ మాట నాకు ఎందుకు అంత మంటెత్తించిందో అప్పుడు ఒప్పుకోలేదు. "నువ్వు మాటలు రాయడానికి వచ్చావమ్మా, మాటలు రాయి" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది.

మా ఆఫీసులో టీలు కాచే అక్క ఒకామె ఉండేది. కదిరి పక్క ఊరు. మొగుడు కట్టుబడి పనికి వస్తే వెంట వచ్చి, సర్జాపుర రోడ్డులో లేస్తున్న అపార్టుమెంట్లలో కొన్నేళ్లు ఇటుకలు మోసి, నడుం పట్టేస్తే మా దగ్గర చేరింది. ఊళ్లో అయిదో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుని చదవగలదు. పేక ముక్క ఎప్పుడూ ముట్టలేదు. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే, ఆ అమ్మాయి ఈ అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుని బల్ల మీద మూడే మూడు ముక్కలు పెట్టింది.

"అక్కా, పేక కట్టలో నాలుగు ఇండ్లు ఉండాయనుకో. ఇస్పేటోళ్ల ఇల్లు, కళావరోళ్ల ఇల్లు, ఆటీనోళ్లది, డైమనోళ్లది. ఒగే ఇంటి పిల్లోళ్లు వయసు వరసన నిలబడితే అది ఒగ జట్టు. నాలుగు, అయిదు, ఆరు. చూడు, ముగ్గురూ ఇస్పేటోళ్లే కదా?"

"ఊ."

"వేరే వేరే ఇండ్ల పిల్లోళ్లు ఒగే వయసోళ్లు కూడితే అదీ జట్టే. మూడు ఏడులు. బడిలో ఒగే క్లాసు అన్నట్ల."

"మరి కట్ట మీదుండే ఈ టోపీ పెట్టుకున్నోడు ఎవరింటోడు పాపా?"

"జోకరు. వాడు చుట్టం. యా ఇంట్లో మనిషి తక్కువైతే ఆ ఇంట్లో కూర్చుంటాడు."

అక్క పకపకా నవ్వి, "మా ఇంట్లోనూ ఉండాడు అట్లాంటోడు, పిలవకపోయినా వచ్చి కూర్చుంటాడు" అంది. పావుగంటలో మూడు ముక్కలు ఆరయ్యాయి, ఆరు తొమ్మిదయ్యాయి. నేను అవతల గోడ దగ్గర చెయ్యి కడుక్కుంటున్నట్టు నటిస్తూ మొత్తం విన్నాను. ఆ రోజే, ఆ కుళాయి దగ్గరే, నాకు రమ్మీ అర్థమైంది. నెల రోజులు పుస్తకం ముందేసుకుని కూర్చున్నా ఎక్కనిది, ఆ పిల్ల టీ అక్కకు చెబుతుంటే దొంగచాటుగా విని నేర్చుకున్నాను. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

మేనేజరు కూడా విన్నాడు. "సూపరమ్మా!" అన్నాడు. అరిచినంత పని చేశాడు. నా ఏడు చుక్కల మీసానికి పరవాగిల్ల, దాని మూడు ముక్కలకు సూపరు!

కుళ్లు అనే మాటకు నేనేమీ అందమైన పేరు పెట్టను. కుళ్లే. పొద్దున బస్సులో తనకు సీటు దొరికితే కుళ్లు. అక్క టీ ముందు ఆ టేబులుకు తీసుకెళితే కుళ్లు. కుర్ర ఇంజనీర్లు తన చుట్టూ చేరి నవ్వుతుంటే, నన్ను చూసే నవ్వుతున్నారని అనుమానం. ఇంట్లో నా భార్య "ఏమైంది, అన్నం కెలుకుతున్నావు" అంటే "కూరలో ఉప్పెక్కువ" అని ఆమె మీద ఎగిరాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ పిల్ల నాకు చేసిన అపకారం ఏమైనా ఉందా అంటే, పొద్దున కనబడగానే లేచి నమస్తే సార్ అనేది. అదీ నచ్చేది కాదు.

వారం తిరక్కుండా మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. నమూనాలు రెండు చేయిస్తానన్నాడు. ఒకటి నా పదమూడు ముక్కలది, ఒకటి ఆ అమ్మాయి మూడు ముక్కలది. ఆట కొనే ఫోన్ల కంపెనీ నుంచి ఒకావిడ వస్తుంది. పేకాట రానివాళ్లను ముగ్గుర్ని కూర్చోబెట్టి రెండూ ఆడించి చూస్తారు. ఆవిడ ఏది ఒప్పుకుంటే అది. గెలిచినవాళ్ల చేతికి ముందు రాబోయే ఆటలన్నీ. ఆ అమ్మాయి నమూనా ఒప్పుకుంటే తన ఉద్యోగం ఖాయం. లేకపోతే ఆరు నెలలు నిండకపోయినా నెలాఖరుకు కాంట్రాక్టు సరి. ఇదంతా మా ఇద్దరి ముందే చెప్పాడు. తను నావైపు చూసి భయంగా నవ్వింది. నేను నవ్వలేదు.

ఇక్కడ పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. అప్పటి ఫోన్లకు తెలుగు అక్షరాలు రావు. ఏ మాటైనా బొమ్మలాగా గీసి పెట్టాల్సిందే. గ్రాఫ్ కాయితం మీద ఒక్కో గడీ పెన్సిలుతో నింపి, తర్వాత కంప్యూటరులో అదే దించాలి. ఆఫీసు మొత్తంలో ఆ పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నా పోటీదారు పాఠాల్ని కూడా, ప్రతి అక్షరం, నేనే గీయాలి. దేవుడికి హాస్యం ఎక్కువ.

ఆ అమ్మాయి పాఠాలన్నీ ఒక నోటుబుక్కులో రాసి తెచ్చింది. తెరిచి చూస్తే మాటలు తెలుగు, అక్షరాలు కన్నడం.

"నేను చదివింది కన్నడ మీడియం సార్. తెలుగు అక్షరాలు చూస్తే తెలిసినట్లే ఉంటాయి, రాసేదానికి పోతే యాడో తప్పు పోతాది. మాట నాది, రాత మీది. మీరే చూసి సరిగా రాయండి సార్" అంది.

రాశాను. స్క్రీను అడుగున ఎడమవైపు ఒక మాట, కుడివైపు ఒక మాట వస్తాయి, వాటి కింది బటన్లు నొక్కితే ఆ పని జరుగుతుంది. రమ్మీలో పని రెండే కదా, కట్టలోంచి ఒక ముక్క ఎత్తడం, చేతిలోంచి ఒక ముక్క కింద వేయడం. ఎడమవైపు "ఎత్తు" అని రాసింది. కుడివైపు కన్నడ అక్షరాల్లో "వెయ్" అని రాసింది. నేను తెలుగులో "వెయ్యి" అని గీశాను.

తప్పా అంటే తప్పు కాదు. ముక్క వెయ్యి, అన్నం వెయ్యి, తాళం వెయ్యి. పుస్తకాల్లో ఎవరైనా అట్లాగే రాస్తారు. కానీ అలవాటు ఊరుకోదు కదా, కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేసి, బస్సులో పోయేవాడిలాగా మళ్లీ చదివాను. చుట్టూ ఇంకో మాట లేకుండా, బటను మీద ఒంటరిగా ఆ మాట కనబడితే ఎవడైనా ఏమని చదువుతాడు? వెయ్యి. పది వందలు.

ఆ అమ్మాయికి అది తోచదని నాకు తెలుసు. వాళ్లింట్లో వెయ్యిని సావిరం అంటారు. బస్సులో వాళ్లమ్మతో ఫోనులో "సావిరం సార్లు చెప్పినానమ్మా" అని విసుక్కోవడం నేనే విన్నాను.

కంప్యూటరులో చూసి తను అడిగింది. "అన్నీ సరిగ్గా ఉండాయా సార్?"

"ఉన్నాయి" అన్నాను.

పరీక్ష రోజు వచ్చింది. ఫోన్ల కంపెనీ ఆవిడ చేతిలో పెన్ను, ఒళ్లో కాయితాలు. ఆవిడకు తెలుగు మాట వచ్చు, రాత రాదు. మా మేనేజరు ఇస్త్రీ చొక్కా. ఆడటానికి ముగ్గురు. ఆ పావుగంట పాఠం తప్ప పేక ఎరగని మా టీ అక్క, గేటు దగ్గరి వాచ్‌మెన్, కింది కార్ఖానాలో పనిచేసే ఒకాయన. ముగ్గురూ తెలుగువాళ్లే. ఆవిడ ఒక నియమం పెట్టింది. ఆడేవాళ్లకు ఎవరూ నోరు విప్పి సాయం చెయ్యకూడదు. ఏం జరిగినా చూస్తూ ఉండాలంతే.

ముందు నాది. అక్క ఫోను చేతిలోకి తీసుకుని, కళ్లు చిట్లించి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "అబ్బో, ఇన్ని బొమ్మలుండాయి, దేన్ని చూసేదప్పా" అని అయిదు నిమిషాలు ఏవేవో నొక్కి, నా మొహం చూసి జాలిపడి, "బాగుండాదిలే" అని పెట్టేసింది. వాచ్‌మెన్‌దీ అదే వరస. కార్ఖానా ఆయన మాత్రం టకటకా ఆడేశాడు. ఆయనకు పేక ముందే వచ్చని తర్వాత తెలిసింది. అట్లా నా పరువు సగం నిలబడింది.

తర్వాత ఆ అమ్మాయిది. అక్క మూడు ముక్కలు చూడగానే మొహం విప్పారింది. "ఇస్పేటోళ్ల పిల్లోళ్లు" అని తనలో తను అనుకుంటూ చకచకా పోతోంది. మొదటి పాఠం, రెండో పాఠం, మూడోది. ఫోన్ల కంపెనీ ఆవిడ పెన్ను ఆపేసి ముందుకు వంగింది. మేనేజరు నావైపు చూడటం కూడా మానేశాడు. అయిపోయింది, బోర్డుల పని పోయినట్టే ఇదీ పోయింది అనుకున్నాను.

నాలుగో పాఠంలో ముక్క కింద వెయ్యాలి. కుడివైపు ఆ మాట వచ్చింది. అక్క బొటనవేలు గాల్లో ఆగిపోయింది.

"ఇదేందప్పా, వెయ్యి అంటాండాది!"

ఎవరూ మాట్లాడకూడదు. ఎవరూ మాట్లాడలేదు.

"నేను నొక్కను తల్లీ. పోయిన నెల్లో ఫోనుకి పాట పెట్టుకుంటావా అంటే తెలీక నొక్కినా, ఫోనులో ఉండే దుడ్లన్నీ గుటుక్కుమనె. ఇది ఏకంగా వెయ్యి అడుగుతాండాది! వద్దు నాయనా" అని, ఫోను బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

వాచ్‌మెన్ వంతు వచ్చింది. ఆయనా అక్కడిదాకా బాగానే వచ్చాడు. ఆ మాట చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "సార్, గెలిచినాను సార్! వెయ్యి వచ్చినాది!" గదిలో అందరూ గొల్లున నవ్వారు. ఫోన్ల కంపెనీ ఆవిడ నవ్వలేదు. "దుడ్లు పోయాయని ఒకరు, దుడ్లు వచ్చాయని ఒకరు. రేపు వీళ్లందరూ మాకే ఫోను చేసి తిడతారు" అని కాయితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. కార్ఖానా ఆయన వంతు రానేలేదు.

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నావైపు తిరిగి, అందరి ముందూ, చిన్న గొంతుతో అడిగింది. "నేను వెయ్ అని కదా సార్ రాసిండేది?"

"రాత తెలుగులో అట్లాగే రాస్తారమ్మా" అన్నాను. అబద్ధం కాదు. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

మేనేజరుకు తెలుగు చదవడం రాదు. నన్నే అడిగాడు, కన్నడంలో. "ఇదు స్పెల్లింగ్ తప్పా, డిజైన్ తప్పా?"

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఈ ఒక్క క్షణం గురించే. స్పెల్లింగ్ అని ఉంటే, అయిదు నిమిషాల పని. ఒక అక్షరం చెరిపి, ఒక పొల్లు పెట్టి, అక్క చేతికి ఫోను మళ్లీ ఇస్తే సరిపోయేది. గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. ఇన్నేళ్లలో నా మాటకు అంత విలువ వచ్చిన రోజు ఇంకోటి లేదు.

"డిజైన్" అన్నాను.

అంతే. నాది ఒప్పుకున్నారు. "ఆ మూడు ముక్కల పాఠం మాత్రం బాగుంది, దాన్ని మీ దాంట్లో కలిపేయండి" అన్నాడు మేనేజరు. కలిపాను. నాలుగు ఇండ్లూ, వయసు వరసా, పిలవకపోయినా వచ్చే చుట్టమూ, అన్నీ నా స్క్రీనులోకి వచ్చేశాయి. వేసే బటను మీద "వదులు" అని పెట్టాను. ఆట బాగా అమ్ముడుపోయింది. మేనేజరు నోట నేను మొదటిసారి సూపరు అనే మాట విన్నది అప్పుడే. విన్నాక టాయిలెట్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాను.

నెలాఖరున ఆ అమ్మాయి తన టేబులు ఖాళీ చేసింది. కాయితాలన్నీ సర్ది నాకు అప్పజెప్పమన్నారు. తెచ్చి ఒక్కో కట్ట నా ముందు పెట్టింది. ఆఖరున, తన పాఠాల కట్టలోనే ఉండిపోయిన నా గ్రాఫ్ కాయితం ఒకటి విడిగా తీసి, కిటికీ వెలుతురు పడేలాగా నా ముందు వంచి పట్టుకుంది.

ఆ కాయితం మీద నల్లగా, గడీలు నింపి, "వెయ్యి" అని ఉంది. దాని కింద, రబ్బరుతో చెరిపేసిన చోట, కాయితం లోపలికి నొక్కుకుపోయి ఇంకో మాట కనబడుతోంది. చిన్నది. పొల్లు ఉన్నది. వెయ్.

ముందు సరిగ్గానే గీశాను. గీసి, లేచి, వెనక్కి వెళ్లి, రెండు రకాలుగా చదివి చూసి, కూర్చుని చెరిపాను. మీకు ఇందాక ఆ సంగతి చెప్పలేదు. వరస తిప్పి, ముందే వెయ్యి అని గీసినట్టు చెప్పాను. నాకు నేను చెప్పుకున్నది కూడా అట్లాగే. ఇన్నేళ్లు చెప్పుకుంటే అబద్ధం కూడా నోటికి బాగా అలవాటవుతుంది.

"మీరు పెన్సిల్ గట్టిగా ఒత్తుతారు సార్" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడికి టీచరు చెప్పినట్టు చెప్పింది. "చెరిపినా కనబడుతుండాది."

నేను ఏమైనా అంటానేమో అని కాసేపు నిలబడింది. నేను సొరుగు తెరిచి ఏదో వెతికాను. కాయితం బల్ల మీద పెట్టి, అక్కకు చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఇద్దరిదీ ఒకే బస్సు. స్టాపులో తను కనబడుతుందని నేను ఇంకో గంట ఆఫీసులోనే కూర్చుని, తర్వాతి బస్సెక్కాను. ఆ కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చందాపురలో దిగాక చించి కాలవలో పారేశాను. దాచుకునే ధైర్యం కూడా లేకపోయింది. తను మేనేజరుకు ఒక్క మాట చెప్పి ఉంటే నా పని అయిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత మా ఆఫీసులో ఒక ఆచారం మొదలైంది. అక్క రమ్మీలో ఆరితేరింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్ర ఇంజనీర్లతో కూర్చుని ఆడేది, ఉత్తినే, సరదాకు. ముక్క కింద వేసినప్పుడల్లా "వెయ్యి!" అని అరిచేది. అందరూ నవ్వేవారు. కొన్నాళ్లకు అందరూ అట్లాగే అరవడం మొదలుపెట్టారు. కొత్తగా చేరినవాళ్లకు ఆ మాట ఎక్కడిదో తెలియకపోయినా, ముక్క వేస్తే వెయ్యి అనాలని తెలుసు. నేను మాత్రం రోజూ భోజనం తొందరగా ముగించి, కిందికి వెళ్లి కార్ఖానా మిషన్ల చప్పుడులో నిలబడేవాణ్ణి.

కొన్నేళ్లకు పెద్ద స్క్రీన్ల ఫోన్లు వచ్చాయి. బటన్ల ఆటలు మూలపడ్డాయి, వాటితో పాటు నేనూ. వెళ్లిపోయే రోజు కుర్రవాళ్లు కేకు తెప్పించారు. నేను మురిసిపోతానని, పాత కంప్యూటరులోంచి నా గడీల అక్షరాలే తీసి, వాటిని చూసి కేకు మీద క్రీముతో రాయించారు. వెయ్యి. అందరూ చప్పట్లు.

"ఇంతకీ ఆ తప్పు రాసింది ఎవరు సార్?" అని అడిగాడు ఒక కుర్రాడు, కత్తి నా చేతికి ఇస్తూ.

నేను నోరు తెరిచేలోపే పక్కన ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ అక్క అందుకుంది. "అప్పట్లో ఒగ పాప ఉండె లేప్పా. అత్తిబెలె పాప. శానా తెలివి గల్ల పాప. పాపం, ఆ ఒగ మాట తప్పు రాసి పని పోగొట్టుకున్నాది."

అందరూ అయ్యో అన్నారు. నేను కేకు కోశాను. మొదటి ముక్క అక్కకే పెట్టాను. అక్క తింటూ, "తియ్యగుండాది సార్" అంది.

అక్క ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. కూడబలుక్కుని తెలుగు చదువుతుంది కాబట్టి, ఎవరైనా నేను రాస్తున్న ఈ కాయితం చూపిస్తే చదువుకుంటుందేమో. అక్కా, ఆ పాప తప్పు రాయలేదు. వెయ్ అనే రాసింది. ఆ చివరి అక్షరం నాది.